పురిటి నొప్పుల మీద పోరాడిన డాక్టరు

కాన్పంటే ఆడదానికి పునర్జన్మ అంటారు మన పెద్దవాళ్ళు. ఆ ఒక్క మాటా అనేసి ఊరుకుంటారు. ఆ నొప్పి ఎలా మొదలవుతుందో, ఎంతసేపు ఉంటుందో, తగ్గించుకునే దారులేమైనా ఉన్నాయో మాత్రం చెప్పరు. సీమంతం చేస్తారు, గాజులు తొడుగుతారు, చలిమిడి పెడతారు. నెలలు నిండాక నొప్పులొస్తే జీలకర్ర కషాయం కాచి ఇచ్చి, దొంగ నొప్పులా, అసలు నొప్పులా అని చూస్తారు. అసలువేనని తేలాక మాత్రం ఓర్చుకో తల్లీ అనడం తప్ప వాళ్ళకూ ఏం చెప్పాలో తెలియదు పాపం!

ఈ మధ్య ఏడో నెలలో, ఎనిమిదో నెలలో ఉన్న అమ్మాయిలు కొందరితో మాట్లాడాను. కడుపులో బిడ్డ ఎంత బరువుందో గ్రాములతో సహా చెబుతున్నారు. నొప్పి తగ్గించే పద్ధతుల గురించి అడిగితే మాత్రం తలో మాటా అన్నారు. వెన్నులో సూది వేయించుకుంటే జన్మంతా నడుంనొప్పి తప్పదని ఒకమ్మాయి. అది డబ్బున్నవాళ్ళ వ్యవహారమని ఇంకొకామె. మూడో అమ్మాయి అసలు అలాంటివి ఉన్నాయనే వినలేదు. నొప్పి పడకుండా కంటే అమ్మతనం ఎలా తెలుస్తుందని పక్కనున్న ఒక అత్తగారు మెల్లగా సణిగారు.

ఈ మాటలన్నీ వింటుంటే నాకు జేమ్స్ యంగ్ సింప్సన్ గుర్తొచ్చాడు. ఇవే సందేహాలు, ఇవే సణుగుళ్ళు ఆయన 1847లోనే ఎదుర్కొన్నాడు. కాన్పు నొప్పికి మత్తుమందు ఇవ్వవచ్చని లోకానికి చూపించిన మనిషి ఆయన. అంతేకాదు, ఆ సంగతి డాక్టర్ల గదులు దాటి ఆడవాళ్ళ చెవిన పడేలా చేశాడు. అందులో ఆయన చేసిన మేలూ ఉంది, చెప్పకుండా వదిలేసిందీ ఉంది. రెండూ చెబుతాను.

రొట్టెల కొట్టువాడి కొడుకు

సింప్సన్ 1811 జూన్ 7న స్కాట్లండులోని బాత్‌గేట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి డేవిడ్ రొట్టెలు కాల్చి అమ్మేవాడు. వ్యాపారం అంతంతమాత్రం. ఇంటినిండా పిల్లలు, వాళ్ళందరిలోకీ చిన్నవాడు జేమ్స్. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. అక్కే అమ్మయి చూసుకుంది. అన్నలంతా కూడబలుక్కుని, మనలో ఒక్కడైనా బాగా చదవాలని తమ్ముణ్ణి చదివించారు. మన పల్లెటూళ్ళలో అన్నలు పొలం దున్ని తమ్ముణ్ణి పట్నం పంపే కథలు ఎన్ని వినలేదు? ఇదీ అలాంటిదే. 14 ఏళ్ళకే ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరాడు.

అప్పటికి ఆపరేషనంటే ఏమిటో తెలుసా? మత్తు లేదు. మనిషిని బల్లకి అదిమిపట్టి కొయ్యడమే. అందుకే ఎంత త్వరగా కోస్తే అంత గొప్ప సర్జను. ఆ రోజుల్లో రాబర్ట్ లిస్టన్ చెయ్యి చురుకుకు పెట్టింది పేరు. ఒకసారి లిస్టన్ ఒకామెకు రొమ్ము తీసేసే ఆపరేషను చేస్తుంటే విద్యార్థుల మధ్య నిలబడి సింప్సన్ చూశాడట. ఆమె పడిన బాధ చూడలేక బయటికి వచ్చేసి, ఈ వైద్యమే నాకొద్దని కోర్టులో గుమాస్తా ఉద్యోగం వెతుక్కోబోయాడని ఆయన జీవితచరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. గుమాస్తా కాలేదు. వెనక్కి వచ్చాడు. కాని ఆ బాధ తెలియకుండా చెయ్యడానికి ఏ దారీ లేదా అన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు.

1832లో ఎండీ పూర్తయింది. సింప్సన్ మనసు కాన్పుల వైద్యం వైపు మళ్ళింది. అప్పట్లో సర్జన్లు, పెద్ద డాక్టర్లు దాన్ని కొంచెం చిన్నచూపు చూసేవారు. మంత్రసాని పని కదా అని! 1839లో ఎడింబరోలో ప్రసూతి శాస్త్రం ప్రొఫెసరు పదవి ఖాళీ అయితే 28 ఏళ్ళ సింప్సన్ పోటీకి దిగాడు. వయసు చిన్నదన్నారు. పైగా పెళ్ళి కానివాడు కాన్పుల గురించి ఏం పాఠం చెబుతాడని ఎత్తిపొడిచారు. వెంటనే లివర్‌పూల్ వెళ్ళి, తెలిసిన కుటుంబంలోని జెస్సీ గ్రిండ్లేని ఆ డిసెంబరులోనే పెళ్ళి చేసుకుని వచ్చాడు! 1840 ఫిబ్రవరిలో ఓట్లు వేస్తే ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో గెలిచాడు. పోటీ ఖర్చులకు మాత్రం బోలెడంత అప్పయింది.

కొద్ది ఏళ్ళలోనే క్వీన్ స్ట్రీటులో 52వ నెంబరు ఇల్లు రోగులతో కిటకిటలాడడం మొదలైంది. జమీందారు భార్యలూ వచ్చేవారు, బీదవాళ్ళూ వచ్చేవారు. లేనివాళ్ళ దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదు. డబ్బు లెక్క చూసుకోవడం కూడా అంతంతే. ఒక రాత్రి గాలికి కిటికీ టకటకా కొట్టుకుంటుంటే జేబులో చేతికి తగిలిన కాగితం మడిచి సందులో దోపాడట. తెల్లారి చూస్తే అది బ్యాంకు నోటు! ఇంట్లో జెస్సీ ఎలా నెట్టుకొచ్చిందో పాపం. తొమ్మిదిమంది పిల్లల తల్లి. వాళ్ళలో ఐదుగురు తండ్రి కళ్ళముందే పోయారు.

భోజనాల బల్ల దగ్గర

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథరు పీల్పించి, నొప్పి లేకుండా ఆపరేషను జరిగేలా చేశాడు. ఆ కబురు ఓడల మీద యూరపు చేరింది. అందరూ పళ్ళు పీకడం, కాళ్ళు తియ్యడం గురించి ఆలోచిస్తుంటే సింప్సన్ కాన్పు గురించి ఆలోచించాడు. ఇక్కడ ఒక పెద్ద చిక్కుంది. ఆపరేషనులో రోగి కదలకుండా పడుంటే చాలు. కాన్పులో అలా కుదరదు, గర్భసంచి తన పని తాను చేస్తూనే ఉండాలి. మత్తు ఇస్తే నొప్పితోపాటు గర్భసంచి ముడుచుకోవడం కూడా ఆగిపోతే తల్లీబిడ్డల గతేమిటి?

1847 జనవరి 19న ఆ సంగతి తేల్చుకునే సందర్భం వచ్చింది. కటి ఎముకలు ఇరుకై, బిడ్డ బయటికి రావడం చాలా కష్టమైన ఒక తల్లికి ఈథరు ఇచ్చాడు. బిడ్డ దక్కలేదు. కాని ఆమెకు బాధ తెలియలేదు. గర్భసంచి మాత్రం ఆగకుండా ముడుచుకుంటూనే ఉంది. నొప్పి వేరు, గర్భసంచి చేసే పని వేరు! రెండోది ఆగకుండా మొదటిదాన్ని తగ్గించవచ్చు. ఇవాళ వాడే పద్ధతులన్నిటికీ ఈ ఒక్క సంగతే పునాది. ఆ రోజుల్లోనే ఆయన్ని స్కాట్లండులో రాణిగారి వైద్యులలో ఒకరిగా నియమించారు. ఆ గౌరవం కన్నా ఈథరు కాన్పే తనకు ఎక్కువ సంతోషంగా ఉందని అన్నగారికి ఉత్తరం రాశాడు.

ఈథరుతో ఇబ్బందులున్నాయి. వాసన ఘాటు, దగ్గు తెప్పిస్తుంది, చాలా పొయ్యాలి. ఇంతకంటే మంచిది ఏదైనా ఉందేమోనని సింప్సన్ వెతకడం మొదలుపెట్టాడు. ఎలా వెతికాడంటారు? రాత్రి భోజనాలయ్యాక సహాయకులు జార్జ్ కీత్, మాథ్యూస్ డంకన్‌లతో బల్ల చుట్టూ కూర్చుని, రకరకాల రసాయనాలు గ్లాసుల్లో పోసుకుని తామే పీల్చి చూసేవారు! పక్కింటి ప్రొఫెసరు మిల్లర్ పొద్దున్నే వచ్చి, ఈ ముగ్గురూ బతికున్నారా అని చూసి పోయేవాడట. ఇవాళ ఎవరైనా ఇలా చేస్తే ముందు పోలీసులొస్తారు.

1847 నవంబరు 4 రాత్రి క్లోరోఫాం వంతు వచ్చింది. దాన్ని పరీక్షించి చూడమని చెప్పినవాడు డేవిడ్ వాల్డీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. (ఈయన తరువాత కలకత్తా వచ్చి రసాయనాల ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు.) ముగ్గురూ పీల్చారు. ముందు నవ్వులు, కేరింతలు, గలగలా మాటలు. కాసేపటికి ముగ్గురూ బల్ల కిందకి జారిపోయారు. తెలివి రాగానే సింప్సన్‌కి తట్టిన మొదటి సంగతి, ఇది ఈథరు కంటే ఎంతో బలమైనదని. జెస్సీ బంధువుల అమ్మాయి మిస్ పెట్రీ కూడా నేనూ పీలుస్తానని ముందుకొచ్చి పీల్చింది. చరిత్రలో ఆవిడ పేరు పెద్దగా కనిపించదు. నాకు మాత్రం ఆ అమ్మాయి ధైర్యం ముచ్చటేసింది.

నా బిడ్డేనా?

ఆ తరువాత నాలుగైదు రోజులకే మొదటి కాన్పు. తల్లి ఒక డాక్టరుగారి భార్య, పేరు జేన్ కార్‌స్టెయిర్స్. అంతకుముందు కాన్పులో ఆవిడ మూడు రోజులు నొప్పులు పడింది. చివరికి బిడ్డను బతికించలేక, తల్లిని కాపాడడానికి బిడ్డ తలను ఛిద్రం చేసి తియ్యాల్సి వచ్చింది. అలాంటి కాన్పు అయ్యాక మళ్ళీ నెలలు నిండుతుంటే ఆ తల్లి గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు.

నొప్పులు మొదలైన మూడున్నర గంటలకు సింప్సన్ చేతిరుమాలును గరాటులా చుట్టి, అరచెంచా క్లోరోఫాం చిలకరించి ఆమె ముక్కూ నోటి దగ్గర పెట్టాడు. పది పన్నెండు నిమిషాలకు ఇంకొంచెం. మత్తు మొదలుపెట్టిన 25 నిమిషాలకు పాప పుట్టింది. బిడ్డ కేరుమన్నా తల్లికి మెలకువ రాలేదు. పాపను పక్కగదిలోకి తీసుకెళ్ళారు. కాసేపటికి లేచి, హాయిగా నిద్రపట్టిందని, ఆ నిద్రవల్ల నొప్పులు ఆగిపోయాయేమోనని దిగులుపడింది. కాన్పయిపోయిందంటే నమ్మలేదు. బిడ్డను తెచ్చి చూపిస్తే తన బిడ్డేనా అని చాలాసేపు అనుమానపడింది! ఆ పాపకు అనస్తీషియా అని పేరు పెట్టారన్న కథ చాలాచోట్ల కనబడుతుంది. అది కథే. పాప అసలు పేరు విల్హెల్మీనా. అనస్తీషియా అన్నది సింప్సన్ ముద్దుగా పిలుచుకున్న మాట.

నవంబరు 10న డాక్టర్ల సభలో ఈ సంగతులు చదివి వినిపించాడు. అక్కడితో ఆగలేదు. వెంటనే చిన్న పుస్తకం అచ్చువేయించాడు. అది చేతులు మారి ఇళ్ళలోకి వెళ్ళింది. తల్లులే అడిగి ఇప్పించుకునే రోజు వస్తుందని, డాక్టర్లు వద్దన్నా వాళ్ళు ఊరుకోరని ఆయన నమ్మకం. నొప్పి గురించి తల్లికి తెలియజెప్పడం వైద్యంలో భాగమని అనుకున్న తొలి డాక్టర్లలో సింప్సన్ ఒకడు. నా మటుకు నాకు క్లోరోఫాం కన్నా ఇదే పెద్ద పని అనిపిస్తుంది.

ఓర్చుకోవాల్సిందే అన్నవాళ్ళు

మరి ఎదురు రాకుండా ఉంటుందా? బైబిలులో ఈవ్ బాధతో బిడ్డల్ని కంటుందని ఉంది కనుక ఆ బాధ తగ్గించడం దైవానికి విరుద్ధమన్నారు కొందరు. అసలు అదే ఎడింబరోలో 1591లో యూఫేమ్ మెక్‌కాల్జియన్ అనే ఆవిడను మంత్రగత్తె అని దహనం చేశారు. ఆమె మీద మోపిన నేరాల్లో కాన్పు నొప్పి తగ్గడానికి మంత్రాలు, తాయెత్తులు వాడిందన్నది ఒకటి!

సింప్సన్ దైవభక్తి ఉన్నవాడే. కనుక బైబిలుకు బైబిలుతోనే సమాధానం చెప్పాడు. 1847 డిసెంబరులోనే ఇంకో పుస్తకం వేశాడు. హీబ్రూలో అక్కడున్న మాటకు అర్థం శ్రమ, ప్రయాస అని వాదించాడు. ఆదాము పక్కటెముక తియ్యబోయే ముందు దేవుడే అతణ్ణి గాఢనిద్రలో ముంచలేదా అని గుర్తుచేశాడు. అయితే మతపెద్దల వ్యతిరేకత మనం పుస్తకాల్లో చదివేటంత పెద్దదేమీ కాదని తరువాత చరిత్రకారులు లెక్కతేల్చారు. గట్టిగా అడ్డం తిరిగింది డాక్టర్లే.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చార్లెస్ మీగ్స్ అనే పేరున్న ప్రసూతి ప్రొఫెసరు ఉండేవాడు. పురిటి నొప్పి సహజమైనది, ఆరోగ్యానికి గుర్తు, దాన్ని చెరపకూడదన్నది ఆయన వాదన. సింప్సన్ జవాబు సరదాగా ఉంటుంది. నడక కూడా సహజమే, అంతమాత్రాన దూరాభారం పోయేవాళ్ళు బళ్ళెక్కడం మానేస్తున్నారా అన్నాడు. దాంతోపాటు డబ్లిన్ ప్రసూతి ఆసుపత్రి లెక్కలు తీసి, కాన్పు ఎంత ఎక్కువసేపు సాగితే తల్లి ప్రాణానికి అంత ముప్పు ఉన్నట్టు చూపించాడు. నొప్పి పడితేనే అమ్మతనమన్న మాటకు అప్పుడూ ఆధారం లేదు, ఇప్పుడూ లేదు. అలాగని నొప్పిని భరించి కన్న తల్లిని తక్కువ చెయ్యడమూ కాదు. మందు వద్దనుకోవడమూ ఆమె ఇష్టమే. ఏమేం ఉన్నాయో తెలిసి వద్దనుకుంటే!

రెండో సగం

ఇక సింప్సన్ చెప్పకుండా వదిలేసిన సంగతి. 1848 జనవరి 28న ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయికి కాలిగోరు తియ్యడానికి క్లోరోఫాం ఇచ్చారు. నిమిషాల్లో ఆ పిల్ల చనిపోయింది. సింప్సన్ వింత పట్టుదలకు పోయాడు. తప్పు మందుది కాదు, తెలివి తెప్పించడానికి నోట్లో పోసిన నీళ్ళు, బ్రాందీలదే అన్నాడు. తరువాత మరిన్ని మరణాలు జరిగాయి. క్లోరోఫాం కొన్నిసార్లు ఉన్నట్టుండి గుండె లయను తప్పిస్తుందని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు రుజువు చేశాయి. సింప్సన్ అప్పటికి లేడు. కాని ఉన్నన్నాళ్ళూ మందు మంచితనాన్ని ఊరూవాడా చెప్పినంత గట్టిగా దాని ప్రమాదాన్ని చెప్పలేదు. ఎంత మంచి మనిషైనా సగమే చెబితే అది తెలియజెప్పడం కాదు, ఒప్పించడం అవుతుంది.

ఆ రెండో సగం పూర్తిచేసినవాడు జాన్ స్నో. యార్కులో కూలివాడి కొడుకు. లండనులో కలరా నీళ్ళ ద్వారా వస్తుందని పంపు దగ్గర పట్టుకున్న స్నో ఈయనే. రుమాలు మీద ఉజ్జాయింపుగా చిలకరించడం ఆయనకు నచ్చలేదు. గాలిలో మందు పాలెంత, ఎంతకు మత్తు వస్తుంది, ఎంతకు ఊపిరికి ముప్పు అని కొలిచి చూసేవాడు. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణికి ఎనిమిదో కాన్పు. క్లోరోఫాం కావాలంది. పిలుపు సింప్సన్‌కు కాదు, స్నోకి వచ్చింది. నొప్పి వచ్చినప్పుడల్లా 15 చుక్కల ప్రమాణంలో కొలిచి రుమాలు మీద వేసి, 53 నిమిషాలపాటు పీల్పించాడు. రాణికి తెలివి తప్పలేదు. మాట్లాడుతూనే ఉంది. నొప్పి పదును మాత్రం తగ్గింది. లియోపోల్డ్ పుట్టాడు. రాణి తన డైరీలో ఆ మందును తెగ మెచ్చుకుంది. అదే ఏడాది కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు కూతురి కాన్పుకూ స్నో క్లోరోఫాం ఇచ్చాడు. మతం పేరు చెప్పేవాళ్ళ నోళ్ళు దాదాపు మూతపడ్డాయి. 1857లో రాణి మళ్ళీ స్నోనే పిలిపించుకుంది.

గమనించారా? సింప్సన్ నిద్రపుచ్చాడు, బిడ్డ ఏడుపు తల్లికి వినబడలేదు. స్నో మెలకువగా ఉంచి బాధ తగ్గించాడు. ఇవాళ ఆసుపత్రుల్లో నడుస్తున్నది స్నో దారే.

ఇవాళ మనకున్నవి

క్లోరోఫాం కాన్పు గదుల్లోంచి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇప్పుడున్నవాటిలో బాగా పనిచేసేది ఎపిడ్యూరల్. నడుం దగ్గర చర్మానికి తిమ్మిరి ఎక్కించి, వెన్నుపూసల మధ్య నుంచి వెన్నుపాము పొరకు బయటవైపు ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం పెడతారు. సూది తీసేస్తారు, గొట్టం మాత్రం ఉంటుంది. దాని ద్వారా మందు కొంచెం కొంచెంగా పంపుతారు. 15, 20 నిమిషాల్లో నొప్పి బాగా తగ్గుతుంది. తల్లి మెలకువగానే ఉంటుంది. బిడ్డ ఏడుపు వింటుంది, వెంటనే పాలివ్వవచ్చు. మధ్యలో సిజేరియన్ అవసరమైతే చాలాసార్లు అదే గొట్టం ద్వారా మందు పెంచి చెయ్యగలుగుతారు.

జన్మంతా నడుంనొప్పి అన్న భయానికి ఆధారం లేదు. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్ళలోనూ తీసుకోనివాళ్ళలోనూ దీర్ఘకాలం ఉండే నడుంనొప్పి ఒకేలా ఉందని పరిశోధనలు తేల్చాయి. సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉండొచ్చు, అంతే. దానివల్ల సిజేరియన్లు పెరుగుతాయన్నదీ నిజం కాదని తేలింది. ఇక రెండో సగం. బీపీ పడిపోవచ్చు, అందుకే సెలైను పెట్టి బీపీ చూస్తూ ఉంటారు. వణుకు, దురద రావచ్చు. కాళ్ళు బరువెక్కుతాయి. మూత్రం పోయడానికి గొట్టం కావాల్సి రావచ్చు. బిడ్డను బయటికి తోసే ఘట్టం కొంచెం ఎక్కువసేపు పట్టవచ్చు. నూటికి ఒకరికి తీవ్రమైన తలనొప్పి వస్తుంది, దానికి వైద్యం ఉంది. కొందరికి ఒకవైపే పనిచేసి గొట్టం సర్దాల్సి వస్తుంది. రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవాళ్ళకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు, నడుం దగ్గర ఇన్‌ఫెక్షను ఉన్నవాళ్ళకు ఇది పనికిరాకపోవచ్చు.

ఎంటోనాక్స్ అనే గ్యాసు ఇంకొకటి. నైట్రస్ ఆక్సైడు, ఆక్సిజను చెరిసగం కలిపినది. మాస్కు తల్లి చేతిలోనే ఉంటుంది. నొప్పి మొదలవుతుండగా పీల్చాలి, ముదిరాక పీలిస్తే లాభం లేదు. నొప్పి పూర్తిగా పోదు, మొద్దుబారుతుంది. తల తిరుగుడు, వికారం ఉండొచ్చు. మానేస్తే నిమిషాల్లో ప్రభావం పోతుంది. పెథిడిన్‌లాంటి ఇంజక్షన్లూ ఉన్నాయి. అవి మగతనిస్తాయి, కొందరికి వాంతులవుతాయి. బిడ్డ పుట్టబోయే ముందు ఇస్తే బిడ్డ ఊపిరి మందగించవచ్చు కనుక వేళ చూసి ఇస్తారు.

మందులు లేనివీ ఉన్నాయి. లేచి తిరగడం, పక్కకు తిరిగి పడుకోవడం, గోరువెచ్చని నీళ్ళ స్నానం, నడుం రాయించుకోవడం, ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్చుకోవడం. అన్నిటికన్నా, పక్కన తనవాళ్ళు ఒకరుండడం. మన ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వవచ్చని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది? నా కాన్పప్పుడు మా అమ్మను తలుపు బయట కూర్చోబెట్టేశారు. లోపల అరిస్తే కసిరేవాళ్ళు. అది ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అప్రస్తుతం, ఇలాంటి అనుభవం ఇంకా చాలామందికి ఉంది.

ఇవన్నీ నొప్పులు ముదిరాక వినే మాటలు కావు. అప్పుడు ఏ తల్లికీ చెవులు పనిచెయ్యవు. ఏడో నెలలోనో, ఎనిమిదో నెలలోనో చూపించుకోవడానికి వెళ్ళినప్పుడే అడగాలి. ఈ ఆసుపత్రిలో ఏమేం ఇస్తారు? మత్తు డాక్టరు రాత్రిపూట కూడా ఉంటారా, కబురు పెడితే ఎంతసేపట్లో వస్తారు? ఖర్చెంత? నా ఒంటికి సరిపోనిది ఏదైనా ఉందా? ఇష్టం మారితే మధ్యలో అడగవచ్చా? ఎపిడ్యూరల్ నిజంగానే మన దగ్గర ఎక్కువగా పట్నాల్లోని పెద్ద ఆసుపత్రులకే పరిమితమై ఉంది. అయినా మిగతావాటి గురించి అడగడానికి డబ్బు అక్కర్లేదు కదా.

ఎడింబరో నుంచి హైదరాబాదుకి

సింప్సన్ ఆ తరువాత చాలా పనులు చేశాడు. ఆసుపత్రుల్లో చీము పట్టి చచ్చిపోయేవాళ్ళ లెక్కలు సేకరించి పెద్ద ఆసుపత్రుల తీరును తప్పుబట్టాడు. ఆడవాళ్ళకు వైద్యవిద్య వద్దని అందరూ తలుపులు మూసేస్తున్న కాలంలో, అమెరికా నుంచి వచ్చిన ఎమిలీ బ్లాక్‌వెల్‌ని 1854లో తన దగ్గర పనిచేయనిచ్చాడు. 1866లో సర్ బిరుదు వచ్చింది. ఆ నెలలోనే పెద్ద కొడుకు, మరి కొన్నాళ్ళకే కూతురు పోయారు. బిరుదు సంతోషం ఏం మిగులుతుంది? 1870 మే 6న గుండెజబ్బుతో తన 58వ ఏట కన్నుమూశాడు. లండనులో రాజులను పూడ్చే వెస్ట్‌మినిస్టర్ ఎబీలో చోటిస్తామంటే కుటుంబం వద్దంది. ఎడింబరోలోనే వారిస్టన్ శ్మశానంలో, ముందే వెళ్ళిపోయిన పిల్లల పక్కన ఆయన్ని ఉంచారు. ఆ రోజు వీధుల పొడుగునా జనమే జనం.

క్లోరోఫాం గుండెను ఆపుతుందా, ఊపిరినే ఆపుతుందా అన్న తగాదా మాత్రం ఆయనతో పోలేదు. అది ఎక్కడ తెమలాలో తెలుసా, మన హైదరాబాదులో! రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో చదువుకున్నవాడు, క్లోరోఫాంకి వీరాభిమాని. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిస్తే 1888లో ఒకసారి, 1889లో మరోసారి క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరును పిలిపించడానికి నిజాం వెయ్యి పౌన్లిచ్చాడు. వందల కుక్కల మీద, ఇతర జంతువుల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరే, గుండెకు భయం లేదని తేల్చారు. అది సరికాదని తరువాత లెవీ చూపించాడు. కాని మత్తు ఇస్తున్నంతసేపూ రోగి ఊపిరి మీద కన్ను వేసి ఉంచాలన్న పాఠం మాత్రం పనికొచ్చింది.

ఆ రోజుల్లో లారీ నడిపిన హైదరాబాదు మెడికల్ స్కూల్లో కొద్దిమంది ఆడపిల్లలూ చదివేవారు. వాళ్ళలో ఒక పార్సీ అమ్మాయి, రూపాబాయి ఫర్దూన్‌జీ. 1889లో చదువు పూర్తిచేసి, క్లోరోఫాం ఇవ్వడంలో చెయ్యి తిరిగింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరు ఆవిడేనని వైద్యచరిత్ర రాసేవాళ్ళు చెబుతారు. 1909లో పై చదువుకు ఓడెక్కి, సింప్సన్ పాఠాలు చెప్పిన ఎడింబరోకే వెళ్ళింది. తిరిగొచ్చాక మళ్ళీ హైదరాబాదు ఆసుపత్రుల్లోనే రోగులకు మత్తు ఇస్తూ చాలా ఏళ్ళు పనిచేసింది.